మళ్లీ పంపాలా?

లచ్చవ్వ మెట్లెక్కి లోపలికి వచ్చేసరికి పూనమ్ సంతకం పెట్టేసింది.

గోడ గడియారంలో ఒంటిగంట ఇరవై. బల్ల మీద ఒక తెల్లకాగితం. దాని చివర నీలి సిరాతో పూనమ్ పేరు. పేరు మీద నీటిచుక్క పడి ఒక అక్షరం అలుక్కుపోయింది. ఎదురుగా కూర్చున్న కైలాశ్ పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకున్నాడు.

"జర్ర లేటైనవ్ బాయీ," అన్నాడు. "పని అయిపోయింది. చాయ్ చెప్పమంటవా?"

"ఏం రాయించినవ్?"

"నేను రాయించుడేంది? అదే రాసింది. కాగితం నేనే పంపిన అని ఒప్పుకున్నది."

పూనమ్ తల ఎత్తలేదు. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. ఆ వేలు కొస తెల్లబడిపోయింది.

అది నాందేడ్‌లో వకీలు వెంకట్రావ్ ఆఫీసు. ఎనిమిది మంది వకీళ్లున్న మేడలో, మొదటి అంతస్తులో రెండు గదులు. పూనమ్ అక్కడ ఆరేళ్లుగా కంప్యూటర్ ఆపరేటర్. లచ్చవ్వది ఆమె గల్లీయే. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైంది. ఇప్పుడు తప్పిపోయినవాళ్లను, తప్పించుకు తిరిగేవాళ్లను వెతికిపెడుతుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు పూనమ్ ఫోన్ చేసి ఒకే మాట అంది: "అక్కా, నన్ను పోలీసులకు ఇస్తరట." అంతలోనే ఎవరో ఫోన్ లాక్కున్నారు. ఆ లాక్కున్నది కైలాశ్. ఒకప్పుడు హవల్దారు, ఇప్పుడు సొంత సెక్యూరిటీ ఏజెన్సీ. ఈ కేసు కోసం వెంకట్రావే అతన్ని పెట్టుకున్నాడు.

"కాగితం చూపియ్యి," అంది లచ్చవ్వ.

"నీకెందుకు చూపియ్యాలె?"

"చూపియ్యకపోతే నేను బయటికి పోయి ఈ పిల్లను గంటసేపు బంద్ జేసి సంతకం వెట్టించుకున్నవని మొత్తం మేడకు జెప్త. ఎనిమిదిమంది వకీళ్లున్నరు. ఒక్కడన్న ఖాళీగ ఉండడా?"

కైలాశ్ నవ్వాడు, కాని ప్లాస్టిక్ కవర్‌లో ఉన్న కాగితాన్ని బల్ల మీదికి తోశాడు.

అది ఫ్యాక్సులో వచ్చిన పేజీ. పోలీసు రక్షణ కోరుతూ వెంకట్రావ్ తయారు చేయించిన అర్జీ. కాజల్ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి ధర్మాబాద్‌లో, ధాన్యం మార్కెట్ వెనక ఏ ఇంట్లో దాక్కుని ఉందో, ఆ ఇంటి తలుపు ఏ దిక్కుకు ఉందో కూడా అందులో ఉంది. ఇసుక రేవు దగ్గర ఒక సర్వేయర్‌ను ముగ్గురు మనుషులు నీళ్లలో ముంచి పట్టుకోవడం ఆ అమ్మాయి కళ్లారా చూసింది. రేపు పదకొండు గంటలకు కోర్టులో ఆ మాట చెప్పాలి. ఆమె తప్ప ఇంకో సాక్షి లేదు.

పేజీ పైన సన్నని వరుసలో నిన్నటి తేదీ, ఈ ఆఫీసు పేరు, టైము: రెండు నలభై ఏడు.

"తెల్లారి అయిదున్నరకు కాజల్ తలుపు కిందికెల్లి తోసిపోయిన్రు," అన్నాడు కైలాశ్. "ఏం రాయలే. తిట్టలే. గీ ఒక్క కాగితమే."

లచ్చవ్వ కాగితాన్ని తిప్పి చూసింది, వెనక ఖాళీ. బెదిరింపు రాసి ఉంటే ఇంత భయం వేసేది కాదేమో. నీ తలుపు ఎక్కడుందో మాకు తెలుసు అని చెప్పడానికి వాళ్లకు ఆ కాగితమే చాలింది.

"ఇప్పుడా పిల్ల ఎక్కడుంది?"

"వకీల్ సాబ్ కార్ల ఉన్నది. సొంతంగ పోయి ఎక్కించుకున్నడు. పన్నెండున్నరకు ధర్మాబాద్ నుంచి బయలెల్లినం అని నాకు మెసేజ్ వెట్టిండు. నాలుగున్నర వరకు కొత్త జాగకు చేరుతరు."

"కొత్త జాగ ఏది?"

"నీకు జెప్ప."

"చెప్పకు. కాని పాత జాగ సంగతి చేరేసినోడు కొత్త జాగ సంగతి గూడ చేరేస్తడు. ఆ పిల్ల అక్కడ కార్ దిగేలోపల వాడెవడో తెలువాలె."

"తెలిసింది గదా," అని కైలాశ్ గడ్డంతో పూనమ్ వైపు చూపించాడు. "కంప్యూటర్ దీని పేరు మీదనే తెరుచుకుంటది. ఔనా పూనమ్?"

"ఔను సార్."

"ఫ్యాక్సు నువ్వు తప్ప ఎవ్వరు పంపరు. ఔనా కాదా?"

"ఔను సార్."

"మరి నిన్న రెండు నలభై ఏడుకు పంపింది నువ్వే గదా?"

"ఔను సార్."

"ఇన్నవా?" అన్నాడు కైలాశ్.

లచ్చవ్వ కుర్చీ లాక్కుని పూనమ్ పక్కన కూర్చుంది. ఆమె వేలికి బిగిసిన చున్నీని మెల్లగా విప్పింది.

"నిన్న నువ్వు ఎర్రచీర కట్టుకొని అచ్చినవ్ గదా పూనమ్?"

"ఔనక్కా."

"కైలాశ్ సాబ్, నిన్న పొద్దుగాల నువ్వు ఈడనే ఉన్నవ్. పిల్ల చీర కట్టిందా?"

కైలాశ్ పూనమ్ చున్నీ వైపు చూశాడు. పూనమ్ ఆ ఆఫీసుకు ఏనాడూ చీర కట్టుకుని రాలేదు.

"భయపడ్డ మనిషి మనం ఏ జవాబు నోట్లె వెడితే అది అప్పజెప్తది. నీ కాగితం మీద ఉన్నది దీని సంతకం. మాటలు నీవి."

"మస్తు తెలివి జూపుతున్నవ్ గని," కైలాశ్ గొంతు గట్టిపడింది, "రేపు ఆ పిల్లకేమన్న అయితే జవాబు చెప్పాల్సింది నేను. నువ్వు గాదు. ఎక్స్ఛేంజిల కూసోని మంది మాటలు ఇన్నంత మాత్రాన డిటెక్టివ్ గారు బాయీ."

"ఠాణాల కూసోని మంది మాటలు ఇననోళ్లు గూడ గారు."

అతను లేచి బల్ల మీది ఫోన్ రిసీవర్ ఎత్తాడు. ఎటో చూస్తూనే మొదట సున్నా నొక్కి, తర్వాత ఠాణా నంబర్ నొక్కాడు. లైను బిజీ. విసుగ్గా పెట్టేశాడు. లచ్చవ్వ అతని వేలినే చూస్తోంది.

ఒంటిగంట ముప్పై రెండు.

"పూనమ్," అంది. "నేను ఔనా కాదా అని అడగ. నిన్న అన్నం తిన్నకాడికెల్లి ఏం జరిగిందో నువ్వే జెప్పు. నీ ఇష్టమున్నట్టు జెప్పు."

లచ్చవ్వ తొందరపెట్టలేదు. కైలాశ్ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"రెండింటికి డబ్బా తెరిచిన," అంది పూనమ్ చివరికి. "సగం తిన్న. సార్ కోర్టుకు పోతున్న అని బయలెల్లిండు. పోయేటప్పుడు స్టాంపు కాగితాలు తెమ్మన్నడు. రెండు ఇరవైకి నేను గూడ పోయిన. మస్తు పెద్ద లైనుండె. అచ్చేసరికి మూడు దాటింది."

"లైన్ల నిలబడ్డదానికి సాక్ష్యమేంది?" అన్నాడు కైలాశ్. "కాగితాలు అమ్మినాయనకు ఈమె మొఖం యాదికి లేదు. అడిగిన నేను."

"తాళం?"

"తాళం ఎయ్యలే అక్కా. ఎప్పుడు ఎయ్యం. కంప్యూటర్ గూడ ఆర్పం. పొద్దుగాల నా పేరుతోని తెరిస్తే సాయంత్రం దాక గట్లనే ఉంటది."

అంటే ఆ నలభై ఐదు నిమిషాలు లోపలికి ఎవరైనా రావచ్చు. అయినా వచ్చినవాడికి ఫ్యాక్సు ఎలా పంపాలో తెలియాలి.

"నువ్వెట్ల పంపుతవో చూపియ్యి," అంది లచ్చవ్వ.

పూనమ్ లేచి కంప్యూటర్ ముందు కూర్చుంది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. బొమ్మలూ బటన్లూ లేవు. కొండల్లో ఉన్న కొన్ని ఆఫీసుల్లో నెట్ వస్తూ పోతూ ఉంటుంది, వాళ్లు ఇప్పటికీ ఫ్యాక్సు కాగితమే పంపమంటారు. అందుకని స్వప్నిల్ అనే కుర్రవాడు పూణే వెళ్లిపోయేముందు ఆ కంప్యూటర్‌లో ఒక చిన్న స్క్రిప్టు రాసిపెట్టాడు. 'కాగద్', అంటే కాగితం, అని టైపు చేస్తే చాలు. మిగతాదంతా అదే వరసగా, మరాఠీలో, అడుగుతుంది.

ఏ ఫైలు?

ప్రింటా, ఫ్యాక్సా? పక్కనే బ్రాకెట్లలో 'ప్రింట్' అని ఉంది.

ఎన్ని కాపీలు? బ్రాకెట్లలో ఒకటి.

"బ్రాకెట్ల ఉన్నదే కావాలంటే ఏం టైపు చెయ్యొద్దు," అంది పూనమ్. "ఊకె ఎంటర్ కొడ్తే అదే జవాబనుకుంటది."

లచ్చవ్వ తల తిప్పి కైలాశ్ వైపు చూసింది. అతను చూపు మరల్చుకున్నాడు.

ఊరి కోడ్‌తో సహా నంబరు? అక్కడ బ్రాకెట్లలో ఒక నంబరు ముందే ఉంది. లచ్చవ్వ ముందుకు వంగింది. "ఇదేంది?"

"అంతకుముందు పంపిన నంబర్ అక్కా. యాదికి వెట్టుకుంటది. పొద్దుగాల పదింటికి నేను కోర్టుకు ఒకటి పంపిన. అది గిది. అప్పటికి నాకేం తెల్వదు." పూనమ్ తెర మీది నంబర్‌ను వేలితో రుద్దింది. "నిన్నటి నంబర్ పోయింది. నేనే పోగొట్టిన."

"పోతే పోయింది. నువ్వు ఇప్పుడు ఉత్తగ ఒక నంబర్ కొట్టు. ఏదన్న దూరపు ఊరిది."

పూనమ్ వేళ్లు కదిలాయి. ముందు ఒక సున్నా. తర్వాత ఊరి కోడ్. కోడ్‌లో మొదటి అంకె కూడా సున్నానే, అందుకని తెర మీద రెండు సున్నాలు పక్కపక్కన పడ్డాయి.

"రెండు సున్నాలెందుకు?"

"మొదటిది బయటి లైనుకు. మేడ మొత్తానికి మెట్ల కింద ఒక డబ్బా ఉన్నది గదా, దాని నుంచి బయటికి పోవాల్నంటే ముందుగాల సున్నా కొట్టాలె."

"గా ముచ్చట ఇది అడుగదా?"

"అడుగదు. రాయమని స్వప్నిల్‌కు చెప్పిన. రాస్త రాస్త అనుకుంటనే పోయిండు. నాకు అలవాటే. ఇంట్ల గూడ మొబైల్ మీద ముందుగాల సున్నా కొట్టేస్త."

"లైను కలువకపోతే?"

పూనమ్ బల్ల కింద వంగి ఫ్యాక్సు తీగ ఊడదీసి, ఎంటర్ కొట్టి చూపించింది. కాసేపటికి తెర మీద కొత్త వరుస వచ్చింది.

లైను దొరకలేదు. మళ్లీ పంపాలా? హో, నాహీ, అంటే ఔను, కాదు. బ్రాకెట్లలో 'హో'.

"ఏం కొట్టకుంట కూసున్నా, నిమిషమాగి అదే మళ్ల పంపుతది. గట్ల మూడుసార్లు."

లచ్చవ్వ ఆ వరుసను చూస్తూ ఉండిపోయింది. నిన్న ఎవరో ఇదే కుర్చీలో కూర్చుని ఇదే ప్రశ్న ముందు ఆగారా? పూనమ్‌కు సున్నా అలవాటు. కైలాశ్‌కూ అలవాటే, ఇందాక కళ్లారా చూసింది.

"పొద్దుగాల ఆఫీసుకు అచ్చినంక ఇంకేం జరిగింది? చిన్నదైనా సరే."

"తుడిసిన. కోర్టుకు ఫ్యాక్సు పంపిన. ఎవరో ముసలామె ఫోన్ జేసి తిట్టింది. గంతే."

"ఎందుకు తిట్టింది?"

"తెల్వదక్కా. నిన్న ఈ నంబర్ నుంచే చెవుల కూతలు వెట్టిన్రట. రాంగ్ నంబర్ అని వెట్టేసిన."

కుర్చీ వెనక్కి పడిపోయేంత వేగంగా లేచింది లచ్చవ్వ. బల్ల మీది ఫోన్‌లో వచ్చిన నంబర్ల జాబితా తెరిచింది. పది పదకొండుకు ఒక ల్యాండ్‌లైన్ నంబరు. నాందేడ్‌దే, ఆరంకెలు. మొదటి నాలుగు అంకెలను రెండుసార్లు చదివింది. తర్వాత సున్నా కొట్టి ఆ నంబరు కలిపింది.

"ఎవరు?" అంది అవతల ఒక ముసలి గొంతు.

"అమ్మా, నేను టెలిఫోన్ల పనిచేసినదాన్ని. నిన్న మీకు కూతల ఫోన్ అచ్చిందట గదా?"

"కూతనా అది? ఇంజన్! నా పేరు ఉమాబాయి, రాసుకో. కంప్లేంట్ రాసుకో. కంటి ఆపరేషనైంది నాకు. రెండున్నరకు చుక్కలేసుకొని పదిహేను నిమిషాలు కండ్లు మూసుకొని పండాల్నని డాక్టర్ చెప్పిండు. ఆ పదిహేను నిమిషాల్లనే మూడుసార్లు లేపిన్రు. ఎత్తంగనే కీఁ అని. నా మొగడు పోయిననాడు గూడ గంత లొల్లి కాలే ఇంట్ల!"

"మూడుసార్లేనా అమ్మా? పక్కానా?"

"మూడే. నిమిషానికోసారి. నాలుగోసారి అస్తే తీగ తెంపుదామనుకున్న. రాలే."

"మీ ఇంట్ల ఫ్యాక్సు మిషన్ గిట్ల ఉన్నదా?"

"కండ్లే సక్కగ లెవ్వు, మిషనెందుకు తల్లీ నాకు?"

లచ్చవ్వ రిసీవర్ పెట్టేసింది. ఒంటిగంట యాభై.

"కైలాశ్ సాబ్, కూసో. ఇది జల్ది చెప్త, జాగ్రత్తగ ఇను. నిన్న అచ్చినోడు బయటి లైను సున్నా కొట్టలే. స్క్రిప్టు ఊరి కోడ్‌తోని నంబర్ అడిగింది, కోడ్‌తోని కొట్టిండు. ఆ కోడ్ల మొదటి సున్నాను మెట్ల కింది డబ్బా మింగింది. బయటి లైను ఇచ్చింది. మిగిలిన అంకెలు నాందేడ్ ఎక్స్ఛేంజికి పోయినయ్. మన ఊరి నంబర్లు ఆరంకెలే. మొదటి ఆరు పట్టుకొని ఎక్స్ఛేంజి ఎవరింట్ల గంట కొట్టిందో తెలుసా? ఉమాబాయి ఇంట్ల."

"అయితే?"

"ఉమాబాయి నంబర్ రెండు, నాలుగు, ఆరు, తొమ్మిదితోని మొదలైతది. వాడు మింగబెట్టిన సున్నా దానికి ముందల వెట్టు. సున్నా, రెండు, నాలుగు, ఆరు, తొమ్మిది. ఏ ఊరి కోడ్ అది?"

కైలాశ్ వేలితో బల్ల మీద ఆ అంకెలు రాసి చూసుకున్నాడు.

"కిన్వట్," అన్నాడు. "నాలుగేండ్లు నౌకరీ చేసిన ఆడ."

"ధర్మాబాద్‌కు పోలే ఫ్యాక్సు. కిన్వట్ దిక్కు పోయింది. పిల్ల ఉన్నది ధర్మాబాద్ల. మరి కిన్వట్ల ఉన్నోడికి కాగితమెందుకు? రాత్రికి రాత్రి దాన్ని అంత దూరం మోసుకొచ్చి తలుపు కింద తోసుడెందుకు? తలుపు దాక అచ్చినోడు లోపలికెందుకు పోలే?"

కైలాశ్ బల్ల అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ధర్మాబాద్ల చుట్టూర ఇండ్లున్నయ్," అంది లచ్చవ్వ. "ఒర్రితే వందమంది లేస్తరు. ఆడ చంపలేరు. భయపెట్టి ఎల్లగొట్టాలె. అడవిపందిని ఎట్ల కొడ్తరు సాబ్? ఒకదిక్కు డప్పులు గొడ్తరు. ఇంకోదిక్కు వల కట్టి కూసుంటరు. గీ కాగితం డప్పు. వల ఏడుంది? ఇప్పుడన్న చెప్పు. కొత్త జాగ ఏది?"

"సర్ఖని," అన్నాడు కైలాశ్. "కిన్వట్ దాటినంక. ఊరవతల ఒక్కటే ఇల్లు."

"సర్ఖని అని ఎవరన్నరు?"

"వకీల్ సాబే అన్నడు."

లచ్చవ్వ చూపు లోపలి గది తలుపు వైపు తిరిగింది.

"పాగల్ మాట మాట్లాడకు బాయీ," అన్నాడు కైలాశ్, లచ్చవ్వ ఇంకా ఏమీ అనకముందే. "ఆయన కేసే ఇది. సొంత బిడ్డ లెక్క చూసుకుంటుండు ఆ పిల్లను. ఈ మేడల ఎవడైన అచ్చి పంపియ్యొచ్చు."

"ఈ మేడల అందరు రోజుకు పదిసార్లు ఆ సున్నా కొడ్తరు. నువ్వు సుత అటు చూడకుంటనే కొట్టినవ్ ఇందాక. ఇదే ఆఫీసుల ఉండి, ఎన్నడు తన చేత్తోని నంబర్ కొట్టనోడు ఎవడన్న ఉన్నడా?"

కైలాశ్ పూనమ్ వైపు చూశాడు. పూనమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"సార్‌కు నేనే కలిపిస్త," అంది మెల్లగా. "లోపలికెల్లి పేరు చెప్తడు, నేను కలిపి ఇస్త. ఆరేండ్లసంది గంతే." ఆగింది. కళ్లు పెద్దవయ్యాయి. "నిన్న నేను స్టాంపు లైన్లున్నప్పుడు సార్ నా మొబైల్‌కు ఫోన్ జేసిండు. ఆఫీసు ఫోన్ నుంచి బయటికెట్ల కలుస్తది అని అడిగిండు. ఇంటికి చేసుకోవాల్నట. ముందుగాల సున్నా కొట్టుండ్రి సార్ అని చెప్పిన."

"గీ ముచ్చట నాకెందుకు చెప్పలే నువ్వు?" కైలాశ్ అరిచాడు.

"మీరు అడగలే సార్."

కైలాశ్ బల్ల సొరుగు లాగి, మధ్యాహ్నం లాక్కున్న పూనమ్ మొబైల్ బయటికి తీశాడు. వెతకాల్సిన పని లేదు. నిన్న, రెండు నలభై నాలుగు. వెంకట్రావ్ సార్. ముప్పై ఎనిమిది సెకన్లు.

"చూసిన నేను దీన్ని," అన్నాడు. "పొద్దుగాలనే లెక్కల్ల చూసిన. ఏదో పని చెప్పిండనుకున్న." మొబైల్‌ను బల్ల మీద పెడుతుంటే అది చేతిలోంచి జారింది. "కేసు మొదలైనప్పటిసంది ఆఫీసోళ్లందరి మొబైల్ లెక్కలు నేనే చూస్తున్న. గా సంగతి ఆయనకు తెలుసు. అందుకే మొబైల్ల పంపలే."

కోర్టులో ఉన్నానన్న మనిషి ఆఫీసు ఫోన్ నుంచి ఇంటికి ఎందుకు చేసుకోవాలి అని లచ్చవ్వ అడగలేదు. అడగడానికి టైము లేదు. సంతకం కాగితాన్ని తీసి నాలుగు ముక్కలు చేసింది. కైలాశ్ ఆపలేదు.

"నాలుగున్నర అన్నవ్. రెండున్నర గంటలున్నయ్. ఆ దిక్కు నీకు తెలిసినోళ్లెవరన్న?"

"మారోతి ఉన్నడు. నాతోని చేసిండు. కిన్వట్ ఇవతల చెక్‌పోస్టుల డ్యూటీ." అప్పటికే తన మొబైల్‌లో నంబరు వెతుకుతున్నాడు. గది మూలకు పోయి, చెయ్యి అడ్డం పెట్టుకుని, గబగబా మరాఠీలో మాట్లాడాడు. రెండు నిమిషాల తర్వాత తిరిగొచ్చాడు. "జీపు డీజిల్‌కు పోయిందట. పిలిపిస్తుండు. కార్ చెక్‌పోస్టు దాటకముందే ఆపుతరు. భయం లేదు."

అప్పుడు బల్ల మీది ఫోన్ మోగింది.

రెండు పన్నెండు. తెర మీద వెంకట్రావ్ మొబైల్ నంబరు.

మూడోసారి మోగింది.

"నువ్వే ఎత్తాలె," అంది లచ్చవ్వ పూనమ్‌తో, చెవి దగ్గర. "రోజు ఎత్తేది నువ్వే. నేను ఎత్తితే వాడికి తెలిసిపోతది. ఏం దాచకు. భయమైతుంటే భయపడు. ఏడుపస్తే ఏడువు. నా పేరు మాత్రం తీయకు."

పూనమ్ రిసీవర్ ఎత్తింది. లచ్చవ్వ తన చెంపను ఆమె చెంపకు ఆనించి వింది.

"పూనమ్," అంది అవతలి గొంతు. మెత్తగా, అలిసిపోయినట్టుగా ఉంది. "సంతకం వెట్టినవట గదా తల్లీ. కైలాశ్ మెసేజ్ వెట్టిండు."

"వెట్టిన సార్."

"ఏడ్వకు. ఏదో తప్పు జరిగింది. నేనున్న గదా. చిన్న శిక్షతోని బయటపడేస్త. మీ అమ్మను గూడ నేను చూసుకుంట."

ఆ గొంతులో ప్రేమే వినిపించింది. లచ్చవ్వకు దానికే ఎక్కువ భయమేసింది. ముప్పై ఏళ్లు తీగల మీద మనుషుల గొంతులు విన్నది ఆమె. అబద్ధమాడే గొంతు ఎక్కడో ఒకచోట గీరుకుంటుంది. ఇది ఎక్కడా గీరుకోలేదు.

"సార్, ఏడున్నరు మీరు?"

"కిన్వట్ దాటినం. ఇంకో ఇరవై నిమిషాలు. ఇగ సిగ్నల్ పోతది, వెట్టేస్త."

పన్నెండున్నరకు ధర్మాబాద్‌లో బయలుదేరినవాడు ఇప్పుడు కిన్వట్ దాటలేడు. మెసేజ్ పెట్టే వేళకే వాళ్లు సగం దారి వచ్చేశారు. చెక్‌పోస్టు ఎప్పుడో వెనకబడిపోయింది. లచ్చవ్వ ఒక కాగితం ముక్క వెనక 'కిన్వట్ దాటిన్రు' అని రాసి కైలాశ్ వైపు తోసింది. అతను చదివి, మొబైల్ పట్టుకుని గదిలోంచి పరుగెత్తాడు. ఇంకో ముక్క మీద పూనమ్‌కు రాసింది: మాట్లాడించు. సిగ్నల్ పోతదంటే కార్ ఆపుతడు.

"సార్, ఆగుండ్రి," అంది పూనమ్. "వెట్టెయ్యకుండ్రి. ఒక్క మాట."

"చెప్పు."

"జైల్ల ఎన్ని దినాలు వెడ్తరు సార్?"

బ్రేకు చప్పుడు. ఇంజన్ ఆగింది. దూరంగా ఒక ఆడపిల్ల గొంతు: "ఎందుకాపిన్రు కాకా?" వెంకట్రావ్ మొబైల్ పక్కకు తిప్పి, "ఆఫీసు ఫోన్ బిడ్డా. కిందికి దిగకు," అన్నాడు. తర్వాత పూనమ్‌కు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఏ సెక్షన్ కింద కేసు పెడతారో, బెయిలు ఎన్ని రోజుల్లో వస్తుందో. ఒక నిమిషం గడిచింది.

"మా అమ్మకు ఎవరు చెప్తరు సార్?"

"నేనే చెప్త. రాత్రికి అస్త గదా."

కైలాశ్ తలుపు దగ్గర నిలబడి ఒక కాగితం ఎత్తి చూపించాడు. మారోతి జీపు బయలుదేరింది. ఇరవై అయిదు నిమిషాలు.

"నా నౌకరీ పోతదా సార్?"

"అది తర్వాత చూద్దాం."

"కాజల్‌కు చెప్తరా సార్, నేనే పంపిన అని? నన్ను తిట్టుకుంటదా?"

తీగ మీద గాలి చప్పుడు మాత్రమే. ఫోన్ ఎత్తి మూడు నిమిషాలు అయింది. పూనమ్ కళ్లలోంచి నీళ్లు కారి లచ్చవ్వ చెంప మీదికి వస్తున్నాయి.

"పూనమ్," అన్నాడు వెంకట్రావ్. గొంతు అంతే మెత్తగా ఉంది. "ఆరేండ్లల్ల నువ్వు నన్ను ఒక్క ప్రశ్న అడగలే. ఇయ్యాల్ల ఎన్ని అడిగినవో చూసినవా? నీ పక్కన ఎవరున్నరు తల్లీ?"

పూనమ్ లచ్చవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అవతల కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. తర్వాత కాజల్ గొంతు, బయటి నుంచి, గాలిలో సగం కొట్టుకుపోతూ: "కాకా, ఎవరో బండ్ల మీద అస్తున్నరు."

లచ్చవ్వ తలెత్తి కైలాశ్ వైపు చూసింది. అతను చెవి దగ్గర మొబైల్ అలాగే పట్టుకుని, కాదన్నట్టు మెల్లగా తల ఊపాడు. మారోతి జీపు ఇంకా కిన్వట్‌లోకి కూడా రాలేదు.